ఫ్రిస్కోకు కొత్తగా వచ్చారా? మీ కౌంటీ కోర్టు సంగతి తెలుసుకోండి

చిత్తూరు, తిరుపతి నుంచి డాలస్ పక్కన ఫ్రిస్కోకు వచ్చేవాళ్లు బడి, ఇల్లు, కారు గురించి అన్నీ విచారించుకుంటారు. కోర్టు ఊసు ఎత్తరు. మన వైపు కోర్టంటే ఏళ్ల తరబడి వాయిదాలు. ఆ భయంతోనే ఇక్కడ కోర్టు కాగితం వచ్చినా కొందరు విప్పకుండా పక్కన పెడతారు. దయచేసి ఆ పని చేయకండి. టెక్సాస్‌లో జిల్లా కోర్టులోనో కౌంటీ కోర్టులోనో మీమీద దావా పడితే, సమన్లు అందిన 20 రోజులు గడిచాక వచ్చే సోమవారం ఉదయం 10 గంటలలోపు జవాబు దాఖలు చేయాలి. గడువు దాటితే మీ వాదన వినకుండానే తీర్పు రావచ్చు.

20,000 డాలర్ల దాకా డబ్బు తగాదాలు, అద్దె ఇల్లు ఖాళీ చేయించే కేసులు జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే చిన్న కోర్టు చూస్తుంది. ఓనరు అడ్వాన్సు తిరిగివ్వకపోతే లాయరు లేకుండా మీరే అక్కడ దావా వేయవచ్చు. విడాకులు, పెద్ద నేరాలు జిల్లా కోర్టుకు వెళతాయి. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. మీ ఇల్లు ఎటు వస్తుందో ముందు చూసుకోండి. కాలిన్ కౌంటీ కేంద్రం మెకిన్నీ.

ఇక రికార్డులు. మన దగ్గర కేసుతో సంబంధం లేని మనిషికి నకలు కావాలంటే కారణం చెబుతూ అఫిడవిట్ వేసి జడ్జి అనుమతి తెచ్చుకోవాలి. ఇక్కడ చాలా ఫైళ్లు ఎవరడిగినా చూపిస్తారు. పిల్లల కేసులు, దత్తత వంటివి మూసి ఉంచుతారు. జిల్లా కోర్టు ఫైళ్లు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర ఉంటాయి. మనకు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దొరికే ఇంటి దస్తావేజుల్లాంటివి కౌంటీ క్లర్కు దగ్గర ఉంటాయి. చాలావరకు ఆన్‌లైన్లోనే పేరుతో వెతకవచ్చు. ఇంటిపేరు, సొంత పేరు అటూ ఇటూ మార్చి రెండు విధాలా చూడండి. తిరుపతి వైపు బాలాజీలు, మునిరత్నాలు ఎంతమందో! పేరు కలిసినంత మాత్రాన మనిషి అతడేనని తేల్చకండి.

పెళ్లి సంబంధం చూసేటప్పుడు మొదటి పెళ్లికి విడాకుల డిక్రీ వచ్చిందో లేదో విచారించుకోవడం న్యాయమే. పక్కింటివాళ్ల కాపురం సంగతులు తవ్వడానికి రికార్డులు చూసే ఈ హక్కును వాడటం మాత్రం తప్పు.

అన్నిటికన్నా ముఖ్యం మీ సొంత రికార్డు. ఖాళీ చేయించే కేసు పడితే, అది కొట్టేసినా, తర్వాతి ఓనరు కంట పడవచ్చు. ఎప్పుడైనా అరెస్టు జరిగి ఉంటే గ్రీన్‌కార్డుకూ పౌరసత్వానికీ కేసు ఎలా ముగిసిందో చూపే సర్టిఫైడ్ నకలు కావాలి. ఎక్స్‌పంక్షన్ పేరుతో రికార్డు చెరిపించుకునేముందే ఆ నకళ్లు తీసి దాచుకోండి. తర్వాత దొరకవు, ఇమిగ్రేషన్‌వాళ్లు మాత్రం అడుగుతారు.

డ్రైవింగ్ లైసెన్సు ఉంటే జ్యూరీ పిలుపు కూడా రావచ్చు. మీరు అమెరికా పౌరులు కాకపోతే, కాదని గుర్తు పెట్టి తిరిగి పంపాలి. పొరపాటున కూడా పౌరుడినని రాయకండి.

ఊళ్లో నాన్నగారి భూమి కేసు ఉంటే ప్లీడరు గుమాస్తాను సీఎన్ఆర్ నంబరు అడిగి పెట్టుకోండి. 16 అక్షరాల, అంకెల ఆ నంబరు ఈకోర్ట్స్ యాప్‌లో కొడితే చిత్తూరు కోర్టు వాయిదా ఎప్పుడో ఫ్రిస్కోలో కూర్చునే తెలుస్తుంది.