ఉపగణ సంఖ్యలు – ప్రస్తార మూలము

సూర్యగణములు 2, ఇంద్రగణములు 6, చంద్రగణములు 14. తెలుగు ఛందస్సు పఠించు విద్యార్థి తొలుత కంఠస్థము చేయునవి ఇవి. ఈ సంఖ్యలు ఎచ్చటినుండి వచ్చినవను ప్రశ్న మాత్రము తరగతిలో అరుదుగా వినబడును. మాత్రల లెక్కయే మూలమని చెప్పి ఊరకుండుట కలదు, అది చాలదు. మూడు మాత్రలే ప్రమాణమైనచో లగము సూర్యగణము కావలెను. నాలుగు మాత్రల సగణము ఇంద్రగణము కావలెను. రెండును కావు.

మూలము పింగళుని ప్రస్తారవిధి. పై పంక్తిలోని మొదటి గురువు క్రింద లఘువు నుంచి, కుడివైపున పైనున్నట్లే వ్రాసి, ఎడమనున్న స్థానములను గురువులతో నింపవలెను. సర్వలఘువు వచ్చువరకు ఈ ఒక్క విధియే మరల మరల ప్రవర్తించును. మూడు గురువులతో ఆరంభించినచో గగగ, లగగ, గలగ, లలగ, గగల, లగల, గలల, లలల అని 8 పంక్తులు కలుగును.

దేశిచ్ఛందస్సు దీనికి మరియొక ఆదేశమును చేర్చినది: పంక్తి మొదట లఘువున్నచో దాని స్థానమున రెండు లఘువులు వచ్చును. అపుడు గగగ, లలగగ, గలగ, లలలగ, గగల, లలగల, గలల, లలలల అగును. మొదటి రెండింటిని విడిచినచో మిగులునవి వరుసగా రగణము, నగము, తగణము, సలము, భగణము, నలము. ఇంద్రగణములారును ఇవియే. రెండు గురువుల ప్రస్తారమున 4లో 2 పోగా హగణము, నగణము. నాలుగు గురువుల ప్రస్తారమున 16లో 2 పోగా, మహాక్కరలో కనబడు చంద్రగణములు 14.

ఆ రెండింటినే ఏల విడువవలెను? కన్నడమున నాగవర్మ ‘ఛందోంబుధి’లో బ్రహ్మ, విష్ణు, రుద్రగణములు 4, 8, 16గానే యున్నవి. తెలుగున విడువబడినవి యాదృచ్ఛికములు కావు. ఆదేశానంతరము మొదటి స్థానము గురువైనను, లలమైనను రెండు మాత్రలదే. తక్కిన స్థానములన్నియు గురువులైన పంక్తులు ప్రతి ప్రస్తారమునను రెండే. అత్యధిక మాత్రలు గలవియు అవియే. అవి తొలగుటచే సూర్యగణములకు 3, ఇంద్రగణములకు 4 లేక 5, చంద్రగణములకు 5 మొదలు 7 మాత్రలు నిలిచినవి. సగణము రెండు గురువుల ప్రస్తారమున పుట్టియు ఇట్లే త్యక్తమైనది.

రగణమునకు 5 మాత్రలు, భలమునకును 5 మాత్రలు. అయినను మొదటిది ఇంద్రగణము, రెండవది చంద్రగణము. పుట్టిన ప్రస్తారము వేరు. యగణమునకును 5 మాత్రలే గాని, ఆదిలఘువు రెండగుటచే అది ఏ ప్రస్తారమునను పుట్టదు. కావున సీసపద్యమును పరిష్కరించునపుడు ఇంద్రగణస్థానమున యగణము కనబడినచో, మాత్రలు సరిపోయినవని విడువరాదు. అచ్చట పాఠదోషమును శంకింపవలెను.