పుట్టకమునుపే బిడ్డకు స్వాగతము

(కుటుంబ పాఠము)

చదువవలసిన భాగములు: లూకా 1:5–25, 39–66, 1 పేతురు 3:7



కోడలు నీళ్లు పోసికొన్నదని తెలియగానే మన యిండ్లలో సంతోషము కలుగును. పురుడు ఎక్కడ పోయవలెను, పేరు ఏమి పెట్టవలెను అని పెద్దలు మాటలాడుకొందురు. అయితే ఆ బిడ్డ ఇప్పటికే ఒక యింటిలో నివసించుచున్నదని మనము తలంచుట అరుదు. తల్లి గర్భమే దాని మొదటి యిల్లు. ఆ యింటిలోని నెమ్మది చాలవరకు భార్యాభర్తల సంబంధమును బట్టి యుండును.

1. మాటలేని భర్త, ఏకమనస్సుగల దంపతులు

ఎలీసబెతు గర్భవతిగా నున్న దినములన్నియు జెకర్యా మూగవాడై యుండెను. అయినను బిడ్డకు పేరు పెట్టు దినమున బంధువులు తండ్రి పేరే పెట్టబోగా, తల్లి యోహాను అనెను. తండ్రియు పలకమీద ఆ పేరే వ్రాసెను. ఆయన తన దర్శనమును ఆమెకు ఎట్లు తెలియజేసెనో లూకా చెప్పలేదు. కాని బిడ్డ విషయములో వారిద్దరిదియు ఒకే మనస్సని మనకు తేటపడుచున్నది. మాటలాడలేని భర్త ఆలాగుండగా, నాలుక గల మనము భార్యతో ఎన్ని దినములు పలుకక యుందుము!

2. బిడ్డ వినుచున్నది

మరియ వందనవచనము ఎలీసబెతు చెవినిబడగానే ఆమె గర్భములోని శిశువు గంతులు వేసెను. అది పరిశుద్ధాత్మ కార్యము. అయినను గర్భస్థ శిశువు సుమారు ఆరవ నెలనాటికి శబ్దములకు కదలుట ఆరంభించునని వైద్యులును ఎరుగుదురు. 1980లో అమెరికాలో ప్రచురింపబడిన యొక పరిశోధనలో, పుట్టి మూడు దినములైనను నిండని పసికందులు ఇతర స్త్రీల స్వరముకంటె తమ తల్లి స్వరమునే కోరుకొనెను. తండ్రి స్వరమునకు అట్టి ప్రత్యేకత 1984 నాటి పరిశోధనలో కనబడలేదు.

తండ్రులారా, నిరుత్సాహపడకుడి. మీరు బిడ్డను చేరు త్రోవ తల్లిద్వారానే యున్నది. భర్త ఆదరణ పొందిన స్త్రీ కడుపులోని బిడ్డను గూర్చి సంతోషముతో తలంచును, దానితో మాటలాడును, వేళకు తినును, నిద్రించును. ఎడతెగని భయములో నున్న స్త్రీకి ఇవన్నియు కష్టమగును; నెలలు నిండకమునుపే కాన్పగుటకు తీవ్రమైన దీర్ఘకాల వేదనయు ఒక కారణము కావచ్చును. ఒకనాటి చిన్న తగవు వలన బిడ్డకు కీడు కలిగెనని ఏ తల్లియు దిగులుపడ నక్కరలేదు. సమాధానపడని కోపమే ప్రమాదకరము.

3. భర్త చేయదగిన పనులు

తొలిచూలు పురిటికి భార్యను పుట్టింటికి పంపు ఆచారము మనకున్నది. పంపి మరచిపోవలదు. పనికై దూరదేశమున నున్నను ప్రతి దినము ఫోనులో ఆమె క్షేమమడుగుము. బిడ్డ కదలికలను గూర్చి వినుము. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుచున్నవి. వీలైనప్పుడు నీవే వెంట వెళ్లుము. నీళ్ల బిందె నీవెత్తుము.

మగబిడ్డయే కావలెనని ఆమెను వేధింపకుము. ఆడయో మగయో తండ్రి బీజమును బట్టియే నిర్ణయమగును. బిడ్డ ఎవరో ముందుగా తెలిసికొనుట 1994 చట్టము ప్రకారము నేరము. ఆడపిల్లయేమో అని తల్లి భయపడుచున్నయెడల, ఆ బిడ్డను ఎట్లు మనసారా ప్రేమింపగలదు?

గర్భవతిమీద చెయ్యి ఎత్తువాడు ఇద్దరిని కొట్టుచున్నాడు. భార్యను సన్మానింపని వాని ప్రార్థనలకు ఆటంకము కలుగునని పేతురు హెచ్చరించెను. అట్టి బాధలోనున్న సహోదరి మౌనముగా సహింప నక్కరలేదు; 181 నంబరుకు ఫోను చేయవచ్చును. సంఘము ఆమె పక్షమున నిలువవలెను.

4. ఒంటరి తల్లికి సంఘమే తోడు

భర్తను పోగొట్టుకొన్నవారును, విడువబడినవారును మనలో నున్నారు. బిడ్డమీద ఇంకను ప్రేమ పుట్టలేదని లోలోపల ఏడ్చువారును కలరు. అది పాపమని వారిని గద్దింపకుడి. కొందరికి ఆ ప్రేమ నెమ్మదిగా కలుగును. దిగులు విడువనియెడల వైద్యునికి చూపింపవలెను. మరియ ఎలీసబెతు యింట సుమారు మూడు నెలలు ఆదరణ పొందెను. మన యిండ్లలో ఏది అట్టి యిల్లు కాగలదు?

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఈ వారములో నా భార్య కన్నీటికి నేను కారకుడనైతినా?
2. బిడ్డను గూర్చి మేమిద్దరము కలిసి ప్రార్థించితిమా?
3. మన పేటలో ఒంటరిగా నున్న గర్భవతి ఎవరు?

ప్రార్థన: ప్రభువా, ఇంకను మేము చూడని బిడ్డను నీవు చూచుచున్నావు. ఆ బిడ్డ వినుచున్న మా యింటిలో సమాధానపు మాటలు ఉండనిమ్ము. ఆమేన్.