ఫలింపని యాజ్ఞ

కంప్యూటరునకు పని చెప్పుటకు రెండు మార్గములు గలవు. తెరపైనున్న బొమ్మలను నొక్కుట యొకటి; ఆజ్ఞను అక్షరములతో వ్రాసి పంపుట రెండవది. ఈ రెండవ మార్గమున, "ఇట్లు చేయుము" అని యాజ్ఞ వెనుక చేర్చెడి చిన్నమాటకు ఆప్షన్ అని పేరు. ఒక్కొక్కప్పుడు దానిని వ్రాసినను వ్రాయకున్నను ఫల మొక్కటియే యగును. అట్టి దోషమును కనుఁగొని దిద్దుట యెట్లో, నిజముగా జరిగిన యొక దృష్టాంతముచేఁ దెలిసికొందము.

టెస్సరాక్ట్ అను ప్రోగ్రాము చిత్రములోని అచ్చక్షరములను చదివి వ్రాఁతగా మార్చును. హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థలోఁ బుట్టిన యీ ప్రోగ్రాము 2005లో సర్వులకును స్వేచ్ఛగా నీయఁబడెను. ఇది తెలుఁగును సైతము చదువఁగలదు. ఇందు వైట్‌లిస్ట్ అను నొక యాప్షన్ గలదు. "ఈ యక్షరములు దప్ప వేఱొండు వ్రాయకుము" అని దాని భావము. కాశిబుగ్గలో నొక పాఠశాలవారు అచ్చువేసిన మార్కుల పట్టికను దీనిచేఁ జదివించి రనుకొనుఁడు. సున్నను ఇంగ్లీషు 'ఓ' యనియు, ఒకటిని 'ఎల్' అనియు నది పొరపడవచ్చును. 0 మొదలు 9 వఱకు గల యంకెలనే యనుమతించినచో నా పొరపాటు తొలఁగును.

2018లో నాలుగవ కూర్పు వెలువడెను. అందు అక్షరములను గుర్తించుటకు న్యూరల్ నెట్‌వర్క్ అను క్రొత్త పద్ధతిని బెట్టిరి. చదువు మెరుగయ్యెను గాని వైట్‌లిస్ట్ దానియందు ఫలింపదయ్యెను. అంకెలనే కోరినను అక్షరములు వచ్చుచునే యుండెను.

కారణమేమి? ఎనుమాముల బజారులో మనము సరకుల చీటీని గుమాస్తాకిచ్చితి మనుకొనుఁడు. అతఁడు దానిని పెట్టెలో నుంచును. పాత తూనికవాఁడు పెట్టె తెఱచి చూచెడివాఁడు, క్రొత్తవాఁడు చూడఁడు. చీటీ పోలేదు, చదువువాఁడే లేఁడు. ఇచ్చటను జరిగిన దిదియే.

కావున దోషమును వెదకువారు మూఁడు ప్రశ్నలు వరుసగా వేసికొనవలయును.

1. ఆప్షన్ తప్పులేక, తగినచోట వ్రాయఁబడినదా?
2. ప్రోగ్రాము దానిని గ్రహించి యుంచుకొన్నదా?
3. పనిచేయు భాగము దానిని జదువుచున్నదా?

మన దృష్టాంతమున దోషము మూఁడవదానియందుఁ గలదు. క్రొత్త పద్ధతి ప్రతి యక్షరమునకును పెక్కు ఊహలను దూఁచి యొకదాని నెన్నుకొనును. ఆ యెన్నిక జరుగుచోట "ఈ యక్షరమునకు అనుమతి గలదా?" యను పరీక్షను జేర్చి, 2019లో 4.1 కూర్పును వెలువరించిరి. అంతవఱకు వైట్‌లిస్ట్ కావలసినవారు పాత పద్ధతినే యెన్నుకొని వాడుకొనవలసి వచ్చెను.

దిద్దిన పిమ్మట ఒకే చిత్రమును ఆప్షన్‌తో నొకమాఱు, లేకుండ నొకమాఱు చదివింపవలయును. ఆ చిత్రమున అంకెలతోపాటు అక్షరములు నుండవలెను. అంకెలు మాత్రమే యున్నచో రెండు ఫలములు నొక్కటియై, దోష మున్నదో లేదో తెలియనీయవు.

చేయలేని పనిని చేయలేనని చెప్పు ప్రోగ్రామును మనము వెంటనే దిద్దుకొందుము. "చిత్తము" అని యూరకుండు దానిని నమ్మి మోసపోదుము. ఒక బాలుని 10 మార్కులు లెక్కకు రాకపోయినను ఎవరికిని దెలియదు. ఆజ్ఞ నిచ్చుటతోఁ దృప్తినొందక, అది నెఱవేఱెనా యని ఫలమును జూచుటయే యీ పాఠసారము.