జంటలు కట్టడానికి పది నిమిషాలా?

ప్రశ్న: ఐదో తరగతి చెబుతాను. జంటలుగా కూర్చోమంటే పది నిమిషాలు గోలే. స్నేహితులే కలుస్తారు, ఒకరిద్దరు మిగిలిపోతారు. ఏం చేయాలి?
– ఉపాధ్యాయిని, నాగలమడిక

జవాబు: ఎంపిక పిల్లలకు వదిలేయడమే చిక్కు, టీచరుగారూ. చీటీలు పంచండి: 3, 7 లేదా 4, 6, కలిపితే పది వచ్చేవాళ్లు జంట. మీ పావగడ వైపు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ కాబట్టి ఒక చీటీ మీద బొమ్మ, ఇంకోదాని మీద దాని కన్నడ పేరు పెడితే జంటతోపాటు పాఠమూ మొదలైనట్టే. చీటీలు డబ్బాలో దాచుకోండి, రేపూ పనికొస్తాయి. బేసి సంఖ్యయితే ఒకచోట ముగ్గురు. చదివించే పనికి మాత్రం చీటీలొద్దు. కన్నడం ధారాళంగా చదివేవారి పక్కన తడబడేవారిని మీరే కూర్చోబెట్టండి.

ఎవరితో పడినా ఒకే బిడ్డను అందరూ దూరం పెడుతుంటే అది జంటల సమస్య కాదు. ఆలస్యం చేయకుండా ప్రధానోపాధ్యాయులతో, తల్లిదండ్రులతో మాట్లాడండి.