పాఠం 9: పూతరేకుల పని – ధర కట్టుకోవడం

పెళ్ళిలోనో పండుగకో మీరు పూతరేకు తినే ఉంటారు. కాగితం మడతలా కనిపించి, నోట్లో పెట్టుకోగానే కరిగిపోయే ఈ మిఠాయికి పేరుమోసిన ఊరు గోదావరి తీరంలోని ఆత్రేయపురం. 2022 వరకు ఇది తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఇప్పుడు కోనసీమ జిల్లాలో ఉంది. అక్కడ ఎన్నో కుటుంబాలకు ఈ పనే జీవనాధారం. ఆ పని ఎలా సాగుతుందో చూసి, ఇంటి దగ్గర తినుబండారాలు చేసి అమ్మేవారు ధర ఎలా కట్టుకోవాలో ఈ పాఠంలో నేర్చుకుందాం. మీరు చేసేవి జంతికలు కావచ్చు, పచ్చళ్ళు కావచ్చు, బిస్కెట్లు కావచ్చు. లెక్క మాత్రం ఒకటే.

9.1 రేకు తీయడం

బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పలుచని పిండి తయారు చేస్తారు. ఇందుకు జయ రకం బియ్యాన్ని ఎక్కువగా వాడతారు. నున్నని అడుగు ఉన్న కుండను పొయ్యిమీద బోర్లించి, కింద ఎండు కొబ్బరాకులతో మంట పెడతారు. పలుచని గుడ్డను పిండిలో ముంచి, వేడి కుండ మీద ఒక్కసారి పరిచి లాగుతారు. కుండ మీద పూతలా అంటిన పిండి క్షణాల్లో ఆరి రేకుగా లేస్తుంది. పూత వేసి తీసే రేకు కనుకనే ఆ పేరు.

చెప్పినంత సులువు కాదు. మంట ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే కుండను వదలదు. సెగలో, పొగలో గంటల తరబడి కూర్చుని ఈ పని చేసేవారు ఎక్కువగా స్త్రీలే. చెయ్యి తిరగడానికి నెలలు పడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. ధర కట్టేటప్పుడు అవసరమవుతుంది.

9.2 రేకు వేరు, చుట్ట వేరు

రేకును తడిగుడ్డతో కాస్త మెత్తబరచి, నెయ్యి రాసి, పంచదార పొడి లేదా బెల్లం పొడి, యాలకుల పొడి చల్లి మడుస్తారు. ఇక్కడ ఒక వ్యాపార కిటుకు ఉంది. ఉత్త రేకు తేమ తగలకుండా దాస్తే చాలా రోజులు ఉంటుంది. నెయ్యి తగిలిన చుట్టకు అంత ఆయుష్షు లేదు. అందువల్ల సరుకును రేకుల రూపంలో నిలవ ఉంచుకుని, బేరం వచ్చినప్పుడు చుట్టడం మేలు. అమ్ముడుపోని చుట్ట నష్టం. అమ్ముడుపోని రేకు రేపటి సరుకు.

9.3 ధర ఎలా కట్టాలి?

ఒక గృహిణి రేకులు కొని, 100 చుట్టలు చేసిందనుకుందాం. (ఈ ధరలు లెక్క నేర్చుకోవడానికి మాత్రమే. మీ ఊరి ధరలు వేసుకోండి.)

రేకులు 200, ఒక్కొక్కటి 2 రూపాయలు: 400
నెయ్యి 1 కిలో: 650
పంచదార 2 కిలోలు: 90
యాలకులు: 40
అట్టపెట్టెలు 10, ఒక్కొక్కటి 12 రూపాయలు: 120
మొత్తం: 1,300 రూపాయలు

చుట్టకు 13 రూపాయలు పడింది. 15కు అమ్మితే 200 లాభం అని ఆమె సంతోషిస్తుంది. కాని అది లాభమేనా? ఆమె, ఆమె అత్తగారు కలిసి పూట పని చేశారు. ఆ పూట వేరేచోట పనికి వెళితే తలకు 250 చొప్పున 500 వచ్చేది. ఆ 500 కలిపితే ఖర్చు 1,800. అమ్మకం 1,500. అంటే 300 నష్టం! ఇంట్లో వాళ్ళ కష్టానికి వెల కట్టకపోవడమే చాలా చిన్న వ్యాపారాలు మూతపడటానికి కారణం. చిత్రమేమిటంటే, మూతపడేదాకా లాభం వస్తున్నట్లే ఉంటుంది.

ఇంకా ఉంది. 100లో 5 చుట్టలు విరిగిపోతే అమ్మేవి 95. 1,800ను 95తో భాగిస్తే సుమారు 19 రూపాయలు. ఇది అసలు ధర. దుకాణదారు అమ్మకపు ధరలో నూటికి 20 తన వంతుగా అడిగితే, 19ని 80తో భాగించి 100తో గుణించాలి. అప్పుడు దాదాపు 24 రూపాయలు అవుతుంది. లాభం ఆ పైన.

ఇంత ధరకు మా ఊళ్ళో ఎవరు కొంటారు అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ధర తగ్గించాలనుకుంటే చుట్ట సైజు తగ్గించండి, లేదా పెట్టె ఖర్చు తగ్గించండి. నెయ్యికి బదులు వనస్పతి వేసి నెయ్యి అని మాత్రం చెప్పకండి. అది నేరం కూడా.

9.4 పేరు, నమోదు

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఎవరైనా, ఎక్కడైనా పూతరేకులు చేసుకోవచ్చు. అయితే ఇతర ఊళ్ళలో చేసిన వాటికి ఆత్రేయపురం పేరు పెట్టి అమ్మకూడదు. అలాగే 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం ఇంట్లో చేసి అమ్మేవారు కూడా నమోదు చేయించుకోవాలి. రుసుము, అమ్మకాల పరిమితి మారుతూ ఉంటాయి కనుక దరఖాస్తుకు ముందు ఆహార భద్రతా అధికారిని అడగండి. పెట్టె మీద పదార్థాల పేర్లు, బరువు, తయారైన తేదీ, చిరునామా, నమోదు సంఖ్య ఉండాలి.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. రేకులను నిలవ ఉంచడం, చుట్టలను నిలవ ఉంచడం – ఏది మేలు? ఎందుకు?
2. 120 చుట్టలకు సరుకుల ఖర్చు 1,680, కూలి 600 రూపాయలు. 6 చుట్టలు విరిగాయి. ఒక్కొక్క చుట్ట అసలు ధర ఎంత?
3. మీ ఇంట్లో చేసే ఏదైనా ఒక తినుబండారానికి ఇలాగే లెక్క రాయండి. మీ కూలిని మరవకండి.

జవాబు (2): 20 రూపాయలు.