పాత లెక్క పూర్తయ్యాకే కొత్త లెక్క

బాపులపాడు

చిరంజీవి మేనకోడలికి,

నూజివీడు ట్రిపుల్ ఐటీలో ఫిజిక్స్ చెప్పడానికి చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నా మనసు నిండిపోయిందమ్మా. రాత్రి నువ్వు పంపిన మెసేజ్ కూడా చదివాను. "మొదటి సెమిస్టర్‌లోనే క్వాంటం చెప్పమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు మామయ్యా" అన్నావు. ఫోనులో తేలే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను.

ఏ ఇంజినీరింగ్ ఫిజిక్స్ పుస్తకం తెరిచినా క్వాంటం అధ్యాయం ఒకే వరసలో నడుస్తుంది. కృష్ణవస్తు వికిరణం, ఫోటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్, డీబ్రోలీ, హైసెన్‌బర్గ్, ష్రోడింగర్ సమీకరణం, పెట్టెలో కణం. అన్నిటికంటే ముందు "క్లాసికల్ మెకానిక్స్ విఫలమైంది" అన్న వాక్యం ఉంటుంది. పిల్లలు దాన్ని నోట్సులో రాసుకుని పరీక్షలో తిరిగి రాసేస్తారు. ఎక్కడ విఫలమైంది, ఎంత తేడా వచ్చింది అని అడిగితే ఒక్కరూ చెప్పలేరు, ఎందుకంటే ఆ లెక్క వాళ్ళు చెయ్యలేదు. అంతదాకా నేర్చుకున్న న్యూటన్ అంతా అబద్ధమనీ, ఇక చెప్పబోయేది ఇంద్రజాలమనీ అనుకుంటారు. ఆ రెండు భ్రమలూ పిల్లవాణ్ణి ఫిజిక్స్‌కు దూరం చేస్తాయి.

అందుకని నీకు నేను చెప్పేది ఒకటే. పాత లెక్కను పిల్లల చేత చివరిదాకా చేయించు, మధ్యలో ఆపించకు. వచ్చిన అంకెను ప్రయోగంలో వచ్చిన అంకె పక్కన పెట్టించు. తేడా వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూసిన తర్వాత ప్లాంక్ పేరు ఎత్తు.

దీనికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. ఇంటర్ లాబ్‌లో ఉండే రెజొనెన్స్ కాలమ్ చాలు. 512 హెర్ట్జ్ శృతిదండం మోగించి గొట్టం మీద పట్టుకుని, మొదటి అనునాదం, రెండో అనునాదం వచ్చే పొడవులు కొలిపించు. ఆ రెండింటి తేడా తీసుకుంటే గొట్టం చివరి సవరణ తనంతట తనే పోతుంది. మన ఉక్కలో, 30 డిగ్రీల దగ్గర, అది 34 సెంటీమీటర్ల చిల్లర వస్తుంది. అంటే ధ్వని వేగం సెకనుకు సుమారు 349 మీటర్లు. ఇక్కడిదాకా ప్రతి పిల్లవాడూ చేసినదే.

ఇప్పుడు అదే వేగాన్ని అణువుల దగ్గర్నుంచి లెక్క కట్టమను. గాలిలో ఎక్కువ భాగం నైట్రోజన్, ఆక్సిజన్. రెండూ రెండేసి పరమాణువుల అణువులే. కదలడానికి మూడు విధాలు, తిరగడానికి రెండు. రెండు పరమాణువుల మధ్య బంధం స్ప్రింగులా కంపిస్తుంది కనుక దానికి గతిజ శక్తి ఒకటి, స్థితిజ శక్తి ఒకటి. మొత్తం ఏడు. శక్తి సమవిభజన నియమం ప్రకారం విశిష్టోష్ణాల నిష్పత్తి గామా 9/7, అంటే 1.29 రావాలి. అప్పుడు ధ్వని వేగం సుమారు 334 మీటర్లు ఉండాలి, గొట్టంలో ఆ తేడా 32.7 సెంటీమీటర్లు చూపించాలి. ప్రయోగం చూపించింది 34 పైచిలుకు. దాదాపు సెంటీమీటరున్నర తేడా! మామూలు స్కేలుతో కొలవగల తేడా అది. ఇంటర్ పుస్తకాలు అణువును దృఢమైనదిగా తీసుకుని, ఐదే లెక్కపెట్టి, 1.4 అని చెప్పి ముందుకు వెళ్ళిపోతాయి. ఆ కంపనాన్ని ఎందుకు వదిలేశామో నువ్వు అడిగించాలి. మాక్స్‌వెల్ అంతటివాణ్ణి కూడా వేధించిన ప్రశ్న ఇదే.

జవాబు క్వాంటంలో ఉంది. నైట్రోజన్ అణువును కంపింపజేయాలంటే ఒక్క విడతలో ఇవ్వాల్సిన శక్తి, గది ఉష్ణోగ్రత దగ్గర సగటున దొరికే ఉష్ణశక్తి కేటీ (kT) కంటే దాదాపు 11 రెట్లు. అంతకంటే తక్కువ తీసుకోవడం దానికి కుదరదు. అందుకే ఆ కంపనం లెక్కలోకి రాకుండా నిద్రాణంగా ఉంటుంది. నువ్వు చేరబోయే చోట పిల్లలు ఎక్కువగా పల్లెటూళ్ళ నుంచి పదో తరగతి మార్కుల మీద వచ్చినవాళ్ళు. తమ చేత్తో పట్టుకున్న శృతిదండంలోనే క్వాంటం కనిపించినప్పుడు వాళ్ళ ముఖాలు ఎలా వెలుగుతాయో చూడు.

రెండో ఉదాహరణ మన ప్రాంతానిదే. నూజివీడు నుంచి విజయవాడ వెళ్ళే దారిలో ఆగిరిపల్లి ఉంది కదా. సూరి భగవంతం గారు 1909లో పుట్టింది అక్కడే. నిజాం కాలేజీలో చదివి, కలకత్తా వెళ్ళి సి.వి. రామన్ దగ్గర పనిచేశారు. ఫోటాన్‌కు స్పిన్ ఉందనడానికి ప్రయోగ నిదర్శనం చూపుతూ 1931లో ఆ ఇద్దరూ కలిసి పత్రం ప్రచురించారు. మరుసటి ఏడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరి వాల్తేరులో స్పెక్ట్రోస్కోపీకి ఒక సంప్రదాయాన్నే నిలబెట్టారు. ఆ తర్వాత ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా, బెంగళూరు ఐ.ఐ.ఎస్సీ.కి డైరెక్టర్‌గా చేశారు. ఆయన పుట్టిన ఊరి మీదుగా మామిడికాయల లారీలతో పాటు రోజూ కాలేజీ బస్సులూ పోతుంటాయి. ఆ బస్సుల్లో కూర్చున్న పిల్లలకు ఈ సంగతి తెలియాలి. అది చెప్పాల్సింది నువ్వే.

ఆ రామన్ పేరిట ఉన్న రామన్ ఎఫెక్ట్ క్లాసులోనూ పాత లెక్క ముందు, కొత్తది తర్వాత అన్న ఈ వరసే పాటించు. పడే కాంతి పౌనఃపున్యం ఒకటి, అణువు కంపించే పౌనఃపున్యం ఇంకొకటి. కంపనంతో పాటు అణువు ధ్రువణశీలత మారుతుంటుంది కనుక రెండు కొసైన్‌ల లబ్ధం వస్తుంది. ఆ లబ్ధాన్ని మొత్తంగా విడగొట్టడం పిల్లలకు ఇంటర్‌లోనే వచ్చు. కూడిన పౌనఃపున్యం ఒకటి, తీసివేసిన పౌనఃపున్యం ఒకటి బయటపడతాయి. స్టోక్స్, యాంటీ స్టోక్స్ గీతల స్థానాలు అచ్చంగా సరిపోయాయి! ఇందులో క్వాంటం ఎక్కడా లేదు. చాలామంది ఈ మెట్టు ఎక్కకుండా నేరుగా శక్తి స్థాయిల బొమ్మ గీసేస్తారు. క్లాసికల్ లెక్క ఇంతదూరం వచ్చిందన్న గౌరవం పిల్లలకు కలగనివ్వు.

తర్వాత తీవ్రతలు అడుగు. క్లాసికల్ లెక్కలో యాంటీ స్టోక్స్ గీతే కాస్త ప్రకాశంగా ఉండాలి, ఎందుకంటే పరిక్షేపణ పౌనఃపున్యం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. కార్బన్ టెట్రాక్లోరైడ్ 459 సెం.మీ.⁻¹ గీతను 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌తో తీస్తే అది స్టోక్స్ గీతకు 1.2 రెట్లు ఉండాలి. నిజానికి ఉండేది దాదాపు ఏడో వంతు. కాంతికి తన శక్తి కొంత ఇవ్వాలంటే అణువు ముందే కంపిస్తూ ఉండాలి, గది ఉష్ణోగ్రత దగ్గర అలాంటి అణువులు కొన్నే. బోల్ట్జ్‌మన్ గుణకం వేసి చూడమను, ఏడో వంతు దానంతటదే వస్తుంది. 1928 ఫిబ్రవరి 28 తేదీని బట్టీ పట్టించడం కంటే ఈ ఒక్క లెక్క చేయించడమే రామన్‌కు మనం చేసే అసలైన గౌరవమని నా నమ్మకం.

పెట్టెలో కణం చెప్పేముందు నూజివీడు వీణ ఒకటి క్లాసుకు తెప్పించగలవేమో చూడు. అక్కడ వీణలు చేసే కుటుంబాలు ఉన్నాయి, ఒకరినైనా అడుగు. తీగ సరిగ్గా మధ్యలో వేలు తేలిగ్గా ఆనించి మీటితే పై షడ్జం పలుకుతుంది, మూడో వంతు దగ్గర ఆనిస్తే ఆ పైస్థాయి పంచమం. రెండు కొనలూ బిగించిన తరంగానికి విడివిడి విలువలే వస్తాయని చెవులకే తెలుస్తుంది. కాబట్టి విడివిడి విలువలు రావడమే క్వాంటం వింత అని చెప్పకు. తీగ ఏ పౌనఃపున్యంతో మోగాలన్నది తీగ పొడవు, బిగువు తేల్చేస్తాయి. ఎంత గట్టిగా మోగాలన్నది మీటే వేలి ఇష్టం. క్వాంటంలో ఆ రెండో స్వేచ్ఛ కూడా లేదు, పౌనఃపున్యం ఎంతో తేలగానే ఒక్కో విడత శక్తి ఎంతో కూడా తేలిపోతుంది. కొత్తదనం ఆ ప్లాంక్ స్థిరాంకంలోనే ఉంది.

ఇప్పుడు పిల్లలందరి నోటా క్యూబిట్ మాటే. అమరావతిలో ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో కలిసి క్వాంటం వ్యాలీ పెడతామని ప్రభుత్వం 2025లో ప్రకటించింది, 156 క్యూబిట్ల యంత్రం వస్తుందన్నారు. మంచిదే. కానీ "ఒకేసారి సున్నా, ఒకటి రెండూ" అన్న మాట పట్టుకుని వస్తారు చూడు, దాన్ని అక్కడితో వదిలెయ్యకు. మూడు పోలరాయిడ్ ముక్కలు చాలు. రెండింటిని అడ్డంగా, నిలువుగా పెడితే చీకటి. మధ్యలో మూడోదాన్ని 45 డిగ్రీల్లో దూర్చితే మొదట పడిన కాంతిలో ఎనిమిదో వంతు బయటికి వస్తుంది. మాలస్ నియమంతో ఇది పూర్తిగా క్లాసికల్ లెక్కే. ఇక ఫోటాన్‌లు ఒక్కొక్కటే వస్తున్నాయనుకో. ఒక ఫోటాన్‌లో సగం వెళ్ళడం ఉండదు, వెళితే మొత్తం వెళుతుంది, లేకుంటే ఆగిపోతుంది. అదే కొసైన్ వర్గం ఇప్పుడు సంభావ్యత అయింది. సగం ఫోటాన్‌లు నిలువువి, సగం అడ్డంవి కలిపి పంపితే 45 డిగ్రీల పోలరాయిడ్ సగాన్నే పోనిస్తుంది. 45 డిగ్రీల ఫోటాన్‌లను పంపితే అన్నిటినీ పోనిస్తుంది. మిశ్రమానికీ సూపర్‌పొజిషన్‌కూ తేడా ఇదే. ఇది పట్టుబడిన పిల్లవాడికి మాత్రిక చేతికిస్తే క్యూబిట్ తనే రాసుకుంటాడు.

హామిల్టోనియన్‌ను మాత్రం ఆకాశం నుంచి ఊడిపడినట్టు బోర్డు మీద రాయకు. స్ప్రింగుకు కట్టిన బరువుతో ఒక గంట గడిపి ఆ తర్వాతే ఆపరేటర్ అను. తెలుగులో వివరించడానికి సంకోచించకు. ఆలోచన తెలుగులో కుదిరాక ఇంగ్లిష్ పదం రాయించు, పరీక్ష అదే రాస్తారు. సిలబస్ అవ్వదేమోనని తొందరపడతావు, తెలుసు. అవసరమైతే ఒక ఉత్పాదన ఇంటికి వదిలెయ్యి కానీ లెక్కనూ కొలతనూ పక్కపక్కన పెట్టే గంటను ఎవరికోసమూ వదులుకోకు. ఇంటర్నల్ పరీక్షలో ఒక్క ప్రశ్న అయినా ఇలా ఇవ్వు: "పాత లెక్క ఎంత చెప్పింది, ప్రయోగం ఎంత చెప్పింది, తేడా ఎందుకు?" ప్రశ్న ఉందని తెలిస్తే చదువుతారు.

చేరే ముందు ఒక ఆదివారం బాపులపాడు రా. పోలరాయిడ్ ముక్కలు, 512 శృతిదండం నా దగ్గర ఉన్నాయి, పట్టుకెళ్ళు. కార్బన్ టెట్రాక్లోరైడ్ లెక్క మాత్రం నువ్వు ఒకసారి సొంతంగా చేసుకుని రా.

ఇట్లు,
మీ మామయ్య