మానసిక రుగ్మతలకు పేర్లు ఎలా వచ్చాయి



మనసు పడే బాధలన్నీ రుగ్మతలు కావు. పరీక్ష ముందు గుండెదడ, ఉద్యోగం పోయినప్పుడు దిగులు, ఆప్తులు పోయినప్పుడు నెలల తరబడి తెగని ఏడుపు మనిషికి సహజమే. ఆలోచనలోనో, ఉద్వేగాలు అదుపులో పెట్టుకోవడంలోనో, నడవడిలోనో బాగా తేడా వచ్చి, దానివల్ల మనిషి తీవ్రంగా బాధపడితే, లేదా చదువూ పనీ ఇల్లూ నలుగురితో మెలగడమూ దెబ్బతింటే అప్పుడు మనోవైద్యం దాన్ని రుగ్మత అంటుంది. ఊరికి నచ్చని నడవడి, ప్రభుత్వానికి నచ్చని అభిప్రాయం దానంతటది రుగ్మత అనిపించుకోదు. ఈ గీత ఎక్కడ గీయాలన్నది వర్గీకరణలో మొదటి ప్రశ్న. అన్నిటికంటే కష్టమైనదీ అదే.

జ్వరం ఒకప్పుడు రోగం పేరు. మలేరియా, టైఫాయిడ్ క్రిములు బయటపడ్డాక అది ఒక లక్షణంగా మిగిలింది. మానసిక రుగ్మతల్లో చాలావరకు ఇంకా ఆ మొదటి మెట్టు మీదే ఉన్నాయి. రక్తపరీక్షో స్కానింగో చేసి డిప్రెషన్ ఉందనీ లేదనీ తేల్చే వీలు ఇప్పటికీ లేదు. వైద్యుడు అడుగుతాడు, వింటాడు, గమనిస్తాడు, ఇంట్లోవాళ్లతో మాట్లాడతాడు, థైరాయిడ్ వంటి శరీర కారణాలు లేవని చూసుకుంటాడు. కారణం దొరికిన జబ్బులూ ఉన్నాయి. 19వ శతాబ్దంలో ఐరోపా పిచ్చాసుపత్రుల్లో ఎందరినో బలిగొన్న జనరల్ పేరెసిస్ సిఫిలిస్ వల్లే వస్తుందని 1913లో తేలింది. ఆ రోగుల మెదడులో నొగుచి, మూర్ అనే ఇద్దరు పరిశోధకులు సిఫిలిస్ క్రిమిని చూపించారు. తక్కిన రుగ్మతల్లో అంత స్పష్టమైన ఒకే కారణం దొరకలేదు. వంశపారంపర్యం, మెదడు ఎదుగుదల, బాల్యంలో తగిలిన దెబ్బలు, పేదరికం, ఒంటరితనం కలగలిసి పనిచేస్తాయి. అందుకే వర్గీకరణ లక్షణాల మీద, అవి ఎన్నాళ్లున్నాయన్నదాని మీద, జబ్బు నడిచే తీరు మీద ఆధారపడవలసి వచ్చింది.

ఈ ప్రయత్నం పాతదే. చరక సంహిత ఉన్మాదాన్ని అయిదు రకాలుగా చెప్పింది: వాత, పిత్త, కఫ దోషాల వల్ల మూడు, మూడూ కలిస్తే నాలుగోది, బయటి కారణాల వల్ల వచ్చేది అయిదోది. ఆధునిక పద్ధతికి పునాది వేసినవాడు జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్. ఆయన ఒక్కో రోగికీ ఒక్కో కార్డు రాసి, ఏళ్లు గడిచాక ఆ మనిషి ఏమయ్యాడో కూడా చూశాడు. ఆసుపత్రికి వచ్చిన రోజున ఇద్దరు రోగులు ఒకేలా కనిపించవచ్చు. పదేళ్లకు ఒకరు కోలుకుని ఇంట్లో ఉంటారు, మరొకరు క్రమంగా క్షీణిస్తారు. ఆ తేడా పట్టుకుని 1899లో తన పాఠ్యగ్రంథం ఆరో ముద్రణలో ఆయన రెండు పెద్ద జబ్బులను విడదీశాడు: ఉద్రేకమూ దిగులూ దఫాలుగా వచ్చిపోయేది ఒకటి, చిన్నవయసులో మొదలై బుద్ధిని క్షీణింపజేసేది రెండోది. రెండోదానికి 1908లో స్విట్జర్లాండ్ వైద్యుడు ఆయిగెన్ బ్లాయిలర్ స్కిజోఫ్రీనియా అని పేరు పెట్టాడు. అందరూ క్షీణించరనీ, కోలుకునేవారూ ఉన్నారనీ ఆయన గమనించాడు. ఆ గమనింపు పేరుకంటే విలువైనది.

నేడు ప్రపంచంలో ముఖ్యంగా రెండు పట్టికలు వాడుకలో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసే ఐసీడీలో అన్ని జబ్బులూ ఉంటాయి. మానసిక రుగ్మతలకు అందులో ప్రత్యేక అధ్యాయం 1948 నాటి ఆరో కూర్పులో చేరింది. పదకొండో కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రచురించే డీఎస్ఎం రెండోది. ఇది 1952లో మొదలై, 2013లో అయిదో కూర్పుకు చేరింది.

తొలి రోజుల్లో ఈ పట్టికల్లో వర్ణనలు వదులుగా ఉండేవి. ఫలితం ఎలా ఉండేదో న్యూయార్క్, లండన్ ఆసుపత్రులను పోల్చి 1972లో ప్రచురించిన అధ్యయనం చూపింది. న్యూయార్క్ వైద్యులు లండన్ వారికంటే చాలా ఎక్కువమందికి స్కిజోఫ్రీనియా అని రాస్తున్నారు. ఒకే బృందం ఒకే ప్రశ్నావళితో రెండుచోట్లా రోగులను పరీక్షిస్తే ఆ తేడా చాలావరకు మాయమైంది. తేడా రోగుల్లో లేదు, వైద్యుల అలవాటులో ఉంది. సముద్రం దాటితే పేరు మారిపోయే జబ్బుకు మందు ఎవరు నమ్మకంగా రాయగలరు? అదే కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాల్లో స్కిజోఫ్రీనియాపై ఉమ్మడి పరిశీలన చేసింది. మన దేశంలో దానికి కేంద్రం ఆగ్రా.

రాబర్ట్ స్పిట్జర్ నాయకత్వంలో 1980లో వచ్చిన డీఎస్ఎం మూడో కూర్పు ఈ గందరగోళానికి సమాధానం. ప్రతి రుగ్మతకూ ఏ లక్షణాలు, ఎన్ని, ఎన్నాళ్లు ఉండాలో అది నిర్దేశించింది. ఇప్పటి అయిదో కూర్పు ప్రకారం డిప్రెషన్‌కు తొమ్మిది లక్షణాల్లో కనీసం అయిదు, రెండు వారాలపాటు, దాదాపు ప్రతిరోజూ ఉండాలి. వాటిలో దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో తప్పనిసరి. ఐసీడీ పదకొండో కూర్పు నిరాశను కూడా చేర్చి లక్షణాలను పది చేసింది. స్కిజోఫ్రీనియాకు ఐసీడీ నెలరోజులు చాలంటే, డీఎస్ఎం ఆరు నెలలు కావాలంటుంది. ఈ అంకెలు ప్రకృతి గీసిన హద్దులు కావు, నిపుణులు కూర్చుని ఒప్పుకున్నవి. నాలుగే లక్షణాలున్న మనిషి బాధ కూడా బాధే, అతనికీ వైద్యం కావాలి. పైగా తొమ్మిదిలో అయిదు చొప్పున లెక్కిస్తే, డిప్రెషన్ ఉన్న ఇద్దరిలో ఉమ్మడిగా ఒక్క లక్షణమే ఉండవచ్చు. ఒకరికి నిద్ర పట్టదు, మరొకరు నిద్ర లేవలేరు. వైద్యులంతా ఒకే పేరు చెప్పినంతమాత్రాన ఆ పేరు వెనుక ఒకే జబ్బు ఉందని అర్థం కాదు. విద్యార్థులు తరచుగా పొరబడేది ఇక్కడే.

ఐసీడీ పదకొండో కూర్పులోని మానసిక రుగ్మతల అధ్యాయం ఎదుగుదల లోపాలతో, అంటే ఆటిజం, బుద్ధిమాంద్యం వంటివాటితో మొదలవుతుంది. తరువాత స్కిజోఫ్రీనియా వర్గం, డిప్రెషన్, బైపోలార్ ఉన్న మూడ్ వర్గం, ఆందోళన, ఓసీడీ, ఆఘాతం తరువాత వచ్చేవి, తిండికి సంబంధించినవి, మద్యం, మత్తుమందులు, వ్యక్తిత్వ రుగ్మతలు, డిమెన్షియా ఉంటాయి. వ్యక్తిత్వ రుగ్మతలను పాతకాలపు రకాలుగా కాక స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని కొలవడం మంచి మార్పు.

వర్గీకరణలో తప్పులు జరిగాయి, ఘోరమైనవి కూడా. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే అమెరికన్ వైద్యుడు, బానిసలు యజమానుల నుంచి పారిపోవడాన్ని జబ్బుగా ప్రకటించాడు. స్వలింగ ఆకర్షణ డీఎస్ఎంలో 1973 వరకూ, ఐసీడీలో 1990 వరకూ రుగ్మతగానే ఉంది. దాన్ని తీసేయడానికి శాస్త్రంతోపాటు బాధితుల పోరాటమూ పనిచేసింది.

సంస్కృతి సంగతి మనకు మరీ దగ్గరిది. బోనాల్లో శివసత్తులకు వచ్చే పూనకం రుగ్మత కాదు. ఇష్టం లేకుండా పదేపదే వచ్చి, ఆ సమాజపు ఆచారంలో భాగం కాకుండా, బతుకును చెడగొట్టే ఆవేశాన్ని మాత్రమే ఐసీడీ రుగ్మత అంటుంది. దుఃఖం విషయమూ అంతే. తీవ్రంగా కొనసాగే దుఃఖాన్ని ఐసీడీ ఆరు నెలల తరువాత, డీఎస్ఎం ఏడాది తరువాత రుగ్మతగా చూస్తాయి. ఆ మనిషి సంస్కృతిలో మామూలైన దానికి మించి ఉండాలన్న షరతూ పెట్టాయి. ఏటిసూతకం పాటించే ఇళ్లలో సంవత్సరీకాలు కాకముందే దుఃఖానికి జబ్బు పేరు పెట్టడం తొందరపాటు.

మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్ ఈ విషయాన్ని చక్కగా చెప్పింది. ఐసీడీ వంటి, అందరూ అంగీకరించిన ప్రమాణాలతోనే జబ్బును నిర్ధారించాలి. కులమతాల వల్ల గానీ, రాజకీయ, ఆర్థిక స్థితి వల్ల గానీ, సమాజపు నీతినియమాలకు భిన్నంగా ఉన్నందుకు గానీ ఎవరినీ మానసిక రోగి అనకూడదు. గతంలో చికిత్స తీసుకున్నంతమాత్రాన ఇప్పటికీ రోగి అని తేల్చడమూ కుదరదు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది, వారిలో ఎక్కువమంది వైద్యానికి దూరంగా ఉన్నారు. మానసిక వైద్యశాల ఉన్న ఎర్రగడ్డ పేరునే తిట్టుగా వాడే మన అలవాటు ఆ దూరాన్ని పెంచుతోంది.

ఈ శాస్త్రం చదివేవారికి తొలి ఏడాది పుస్తకంలోని ప్రతి రుగ్మతా తమలోనూ స్నేహితుల్లోనూ కనిపిస్తుంది. పట్టిక చూసి ఎవరికీ పేరు పెట్టవద్దు, నీకు నువ్వూ పెట్టుకోవద్దు. నిజంగా అనుమానం వస్తే మనోవైద్యుల దగ్గరికి వెళ్లాలి. ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా తెలుగులో ఉచితంగా మాట్లాడతారు.